జాకెట్టుకో డబ్బా సముద్రం

"పెద్దది నాన్న, చిన్నది అమ్మ" అని ఒకాయన తన కూతురికి చెబుతున్నాడు.

పోయిన నెల పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. ఎదురుగా అద్దాల తొట్టి. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నా దవడ వాచిపోయి నోరు సరిగా తెరుచుకోవడం లేదు. అయినా ఊరుకోలేకపోయాను. "కాదండీ, పెద్దది అమ్మ, చిన్నది నాన్న. రేపు ఆ అమ్మ పోయిందనుకోండి, ఆ నాన్నే అమ్మవుతాడు" అన్నాను. ఆయన కూతుర్ని మెల్లిగా తన వైపుకు జరుపుకున్నాడు. దవడ వాచిన పెద్దావిడ ఒకతె ఉన్నట్టుండి ఇలాంటి మాటలు మాట్లాడితే ఎవరైనా అదే చేస్తారు లెండి.

ఆ సంగతి నేను పుస్తకంలోనే చదివాను. కానీ అంత గట్టిగా చెప్పడం మాత్రం ఒక టైలరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకున్నానే గానీ కళ్ళ ముందు ఆమే తిరుగుతోంది.

ఆమె పేరు రాయను. పేరుతో ఆమెకు ఎప్పుడూ పని పడలేదు. చిక్కడపల్లిలో కూరగాయల బజారు వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు గదే దుకాణం. గుమ్మం పైన రేకు మీద "లేడీస్ టైలర్" అని రెండే ముక్కలు. "పేరు కూడా రాయించు అక్కా" అని ఒకసారి సలహా ఇచ్చాను. "పేరు చూసి వస్తరా, కుట్టు చూసి వస్తరా?" అంది. ఆ సలహా అక్కడితో ఆగింది. సలహాలివ్వడం మానలేదనుకోండి, అది వేరే సంగతి.

బక్క మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి. మెడలో ఎప్పుడూ కొలత టేపు, అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు. పెదాల మధ్య గుండుసూదులు. అవి ఉన్నంతసేపూ "ఊఁ", "ఉఁహూఁ" అనే రెండు మాటలతోనే బేరాలూ తగువులూ పరామర్శలూ అన్నీ నడిపేది. సూదులు తీసి బల్ల మీద పెట్టిందంటే మాత్రం వినేవాళ్ళు సర్దుకుని కూర్చోవాలి. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళు కట్టే పనుల్లో తట్టలు మోసిన వాళ్ళ బిడ్డ. మొగుడు చిన్న వయసులోనే పోతే ఇద్దరు మరుదుల్నీ ఒక ఆడబిడ్డనీ కుట్టుమిషను తొక్కి ఒక దరికి చేర్చింది. ఇదంతా నాకు వేరేవాళ్ళు చెప్పిందే. ఆమెకు తన గురించి చెప్పుకునే తీరిక లేదు.

తొంభైల మొదట్లో నాకు ఇరవై ఆరేళ్ళు. అశోక్‌నగర్‌లో మా ఇల్లు. నాన్న ఉద్యోగంతో బాపట్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నేను నారాయణగూడలో ఒక బడిలో సైన్సు టీచర్ని. టీచర్నన్న సంగతి వీధి కుక్కలకు కూడా తెలిసేలా మాట్లాడేదాన్ని. మొదటిసారి జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళినప్పుడు టేపు తీయకముందే నన్ను కింద నుంచి పైదాకా చూసి, "కుడి భుజం జర కిందికున్నది. పుస్తకాల సంచి అటే మోస్తరా?" అంది. అప్పటిదాకా నా భుజాలు రెండూ సమానమే అనుకుంటున్నాను.

కొలతలయ్యాక చూశాను తొట్టిని. మిషను పక్కనే, పాత మిషను బల్ల మీద, రెండున్నర అడుగుల అద్దాల తొట్టి. అడుగున గవ్వల పొడి, ఒక మూల పక్కకు వంచిన మట్టి ముంత. ఆ ముంత చుట్టూ రెండు చేపలు. పుస్తకంలో బొమ్మ చూసి ఉన్నాను గనక, "ఇవి క్లౌన్ ఫిష్! సముద్రం చేపలు! ఇవిక్కడ బతకవే!" అని కేకేశాను. "బతుకుతున్నయి గదా" అందామె.

నారాయణగూడలో రంగు చేపలమ్మే ఒకతను వాటిని మద్రాసు నుంచి తెప్పించి, ఉప్పునీళ్ళ చేపల్ని సాకలేక చేతులెత్తేశాడట. దుకాణానికి తెరలు కుట్టించుకోవడానికి ఈమె దగ్గరకొచ్చి మాటల్లో చెప్పాడు. ఈమె చూడటానికని వెళ్ళి రెండింటినీ పట్టుకొచ్చేసింది. ఎందుకంటే, "పైపింగ్ చూడుండ్రి" అని వేలితో అద్దం మీద గీసి చూపించింది. నారింజ మీద తెలుపు పట్టీ, ఆ పట్టీకి సన్నటి నల్లంచు. "ఇరవై ఏండ్ల సంది కుడుతున్న. ఇంత సాఫ్ పైపింగ్ నా చేతుల పడలే." అందుకే ఆమెకవి పైపింగ్ చేపలు. క్లౌన్ అంటే సర్కసులో బఫూను అని నేను చెబితే ఆమెకు కోపమొచ్చింది.

ఆ రోజుల్లో కరెంటు కోతలు. కరెంటు పోతే సందులో అందరూ విసనకర్ర అందుకుంటే ఆమె చెంబు అందుకునేది. తొట్టిలో గాలి బుడగలు ఊదే మోటారు ఆగిపోతుంది మరి. చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి సన్నని ధారగా మళ్ళీ అందులోనే పోసేది, గంటైనా సరే, రెండు గంటలైనా సరే. "నా మిషను కాలుతోని నడుస్తది. వీటి మిషనుకే కరెంటు గావాలె" అని నవ్వేది. జాకెట్లు వేసుకు చూసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా తలా కాసేపు చెంబు పట్టాల్సిందే. వకీలుగారి భార్య పట్టింది, నేనూ పట్టాను.

జంట సంగతికొస్తే, అందరం పప్పులో కాలేసినవాళ్ళమే. పెద్దది మొగుడు, చిన్నది పెళ్ళాం అని చూసినవాళ్ళంతా తీర్పు చెప్పేవాళ్ళు. ఆమె మాత్రం ఒప్పుకునేది కాదు. "చిన్నది పెద్దదాని ముంగట ఒళ్ళంత వణికించి పక్కకు ఒరుగుతది, చూసిన్రా? మొగోడు పెండ్లాం ముంగటనే గట్ల ఒరుగుతడు. పెద్దదే ఆడది" అనేది. మా సందులోనే ఉండే బ్యాంకు మేడం (అంటే బ్యాంకులో పనిచేసే ఆయన భార్య, మా గుంటూరు వైపు మనిషి) ఒకసారి మనసు కరిగి, "ఈడూజోడూ లేని సంబంధమేవిటమ్మా, చూడలేకపోతున్నాను" అంటూ పెద్దదానితో సమానమైనది ఇంకొకటి మద్రాసు నుంచి కొని తెచ్చింది. మన వాళ్ళకు సంబంధాలు కుదర్చకపోతే నిద్రపట్టదు కదా! అర్ధగంటలో తొట్టిలో కురుక్షేత్రం. పెద్దవి రెండూ మూతులు కరుచుకుని గిరగిరా తిరుగుతుంటే ఆమె చాయ వడపోసే జాలీతో కొత్తదాన్ని తీసి బ్యాంకు మేడం చేతిలో పెట్టింది. "సమానం ఉన్నోళ్ళు ఒక ఇంట్ల ఇముడరు. ఒకరు పెద్దగుండాలె, ఒకరు చిన్నగుండాలె. గప్పుడే జత" అంది.

ఇంతకీ సముద్రం చేపలకు సముద్రం నీళ్ళు ఎక్కడివి? అక్కడే ఉంది ఆమె తెలివి. చిక్కడపల్లిలోనూ అశోక్‌నగర్‌లోనూ ఎటు చూసినా మావాళ్ళే, బందరు, బాపట్ల, చీరాల, కాకినాడ. అటు పెళ్ళికో పేరంటానికో బయల్దేరే ముందే కదా జాకెట్లు కుట్టించుకునేది. ఆమె కుట్టిన జాకెట్టుతో పాటు రెండు ఖాళీ నూనె డబ్బాలు చేతిలో పెట్టేది. "వచ్చేటప్పుడు నీళ్ళు తెండ్రి. ఒడ్డు మీద ముంచొద్దు. మోకాళ్ళ దాక లోపటికి పోయి, కెరటం పోయినంక ముంచాలె. మూత కింద గుడ్డ కట్టాలె." తేనివాళ్ళ జాకెట్టుకు మరుసటిసారి హుక్కులు పడటానికి పది రోజులు పట్టేది. అందుకని పచ్చళ్ళ జాడీలతో పాటు రైళ్ళలో సముద్రం కూడా మా పేటకు వచ్చేది.

చిత్రమేమిటంటే ఆమె సముద్రం చూడలేదు. "మరి మోకాళ్ళ దాకా దిగాలని నీకెలా తెలుసు?" అని అడిగాను. ఫాల్ మార్చమని వచ్చిన పట్టుచీరల మీద ఉప్పు మరక ఎంత ఎత్తుకు ఉందో చూసేదట. చీలమండ దగ్గరే ఉంటే ఆవిడ తెచ్చినవి ఇసుక నీళ్ళు. "నాతో బాపట్ల రా అక్కా, చూపిస్తాను" అన్నాను. "ఏమున్నది ఆడ, నీళ్ళే గదా. చేపలు ఈడున్నయి" అని మిషను తొక్కుకుంది.

అయితే అందరూ సత్యహరిశ్చంద్రులు కారు. ఒకావిడ విజయవాడలో దిగి కృష్ణలో ముంచుకొచ్చింది, నీళ్ళు నీళ్ళే కదా అని. ఇంకొకావిడ డబ్బాలో ఆవకాయ వాసన. ఆమె నాలిక మీద ఒక చుక్క వేసుకుని పసిగట్టేది గానీ ఒక్కోసారి తికమకపడేది. ఇక్కడ నేను రంగప్రవేశం చేశాను. బడి ల్యాబులో రెండుంటే ఒకటి పెద్ద టీచరుని అడిగి హైడ్రోమీటరు తెచ్చాను. సన్నటి గాజు గొట్టం, అడుగున సీసం గుళ్ళ బుడ్డి. ఉప్పు తగినంత ఉన్న నీళ్ళలో పైకి తేలుతుంది, తక్కువైతే మునుగుతుంది. మంచి సముద్రం నీళ్ళలో వేసి, నీటి మట్టం దగ్గర ఎర్ర గోళ్ళరంగుతో గీత పెట్టాను. "ఈ గీత మునిగిందంటే నీళ్ళు కల్తీ" అని పాఠం చెప్పాను. ఆమెకు ఒకసారి చెబితే చాలు. ఆ ఆదివారం నుంచి ఎవరు డబ్బాలు తెచ్చినా ఎత్తు గ్లాసులో పోసి, గొట్టం వేసి, అందరి ముందే చూసేది. గీత మునిగితే మాటా పలుకూ లేకుండా డబ్బా వెనక్కి ఇచ్చేది. పేటలో పెద్ద పెద్ద వాళ్ళ పరువులు ఆ గ్లాసులో మునిగాయి. నేను పక్కన నిలబడి మురిసిపోయేదాన్ని. "మా టీచరమ్మ నేర్పింది" అని ఆమె అందరికీ చెబుతుంటే నా తల ఇంకా పైకి లేచేది.

ఆ వేసవిలో బాపట్లలో మా పెదనాన్న కూతురి పెళ్ళి. తిరిగొచ్చే రోజు సూర్యలంక వెళ్ళి, మోకాళ్ళు దాటి లోపలికి పోయి రెండు డబ్బాలూ ముంచాను. మూతల కింద గుడ్డ కట్టాను. రైల్లో సీటు కిందకి తోశాను. పొద్దున సికింద్రాబాదులో దిగబోతూ చూస్తే ఒక డబ్బా తేలిగ్గా ఊగుతోంది. ఎవరిదో ఇనప ట్రంకు గీసుకుని అడుగున చీలిక పడింది. నీళ్ళన్నీ రైలు పెట్టె నేల పాలు.

ఒక డబ్బా పట్టుకెళ్ళి జరిగింది చెబితే పోయేదేముంది? ఏమీ లేదు. కానీ వెళ్ళే ముందు ఆ దుకాణంలో నలుగురి ముందూ, "నా డబ్బాలెప్పుడూ అంచుదాకా వస్తాయి, చూస్కోండి" అని కోతలు కోశాను. ఇంటికెళ్ళి వేరే డబ్బా తీసుకుని కుళాయి కింద పెట్టాను. డబ్బాలోంచి గుప్పుమని లేస్తున్న బ్లీచింగు వాసన నా ముక్కుకు తగిలింది కూడా. వంటింట్లో కళ్ళుప్పు అయిదారు గుప్పిళ్ళు వేసి ఊపాను. పిల్లలకు లీటరుకు ఇన్ని గ్రాములని నేర్పే టీచర్ని, కూరలో వేసినట్టు గుప్పిటతో వేశాను! ఉప్పు ఉప్పేగా, పది లీటర్లలో అయిదు అసలువేగా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

పట్టుకెళ్ళి ఇచ్చాను. అప్పుడే బ్యాంకు మేడం బందరు నీళ్ళు తెచ్చి ఉంది. ఆమె ఆ నీళ్ళలో గొట్టం వేసి, వంగి గీత చూసి, "మంచిగున్నయి" అని పక్కన పెట్టింది. నా డబ్బాలు అందుకుంది. మూత తీసింది. గొట్టాన్ని తుడిచి మేకుకు తగిలించేసి, రెండు డబ్బాలూ ఒకదాని తర్వాత ఒకటి తొట్టిలో ఒంపేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆగమనడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మూడో రోజుకు పెద్ద చేప పోయింది. అంతకుముందు రోజంతా పైకొచ్చి నోరు తెరుచుకుని రొప్పిందట, ఒళ్ళంతా తెల్లటి జిగురు పట్టిందట. నేను వెళ్ళేసరికి ఆమె మిషను మూత వేసి ఉంది. నేనెరిగి మిషను మూత పడటం అదే మొదలు. చిన్నది ముంతలో మూలకు నక్కి బయటికి రావడం లేదు. రొయ్య ముక్క వేసినా ముట్టడం లేదు. ఆమె పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని పీచుతో చేతులు రుద్దుకుంటోంది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"చేతులకు మిషను ఆయిలుండె గావచ్చు టీచరమ్మా. కడుక్కోకుంట నీళ్ళల్ల పెట్టిన గావచ్చు. నా చేతులతోని నేనే చంపుకున్న."

అయినా చెప్పలేకపోయాను. దానికి బదులు చిక్కడపల్లి లైబ్రరీకి పరుగెత్తాను, ఏదో పుస్తకం తెరిస్తే నా పాపం పోతుందన్నట్టు. రెండు రోజులు వెతికితే ఇంగ్లీషు పుస్తకంలో ఒకచోట దొరికింది. ఈ చేపల్లో పెద్దది ఆడది, అది పోతే మిగిలిన మగది తానే పెరిగి ఆడదవుతుంది, దానికంటే చిన్నదాన్ని తోడిస్తే జత కుదురుతుంది. కాగితం మీద రాసుకుని గెలిచినదానిలా వచ్చాను. "అక్కా, ఉపాయముంది! చిన్నదాన్ని తెచ్చి వేస్తే ఇదే ఆడదవుతుంది" అన్నాను.

ఆమె వింది. ఆశ్చర్యపోలేదు. "అయితది. ఇంట్ల పెద్ద పోతే ఉన్నోళ్ళల్ల ఎవరో ఒకరు పెద్ద గావాలె. నేను గాలేదా?" అంది. తర్వాత తన చేతుల్ని చూసుకుంది. "గని నేను సాకను. ఉన్నదాన్ని గూడ ఆ దుకాణపాయనకు ఇచ్చేస్త. నా చేతులు మంచియి గావు."

అతని దగ్గరికి పోతే అది పది రోజులు బతకదు. సాకలేకనే కదా అతను మొదట వదిలించుకుంది! ఆ చేప ఒక పక్కన, రక్తం చిమ్మేట్టున్న ఆమె వేళ్ళు ఒక పక్కన. ఇంక మింగలేకపోయాను. "నీ చేతులు కావక్కా. నా చేతులు" అని మొదలుపెట్టి ట్రంకు పెట్టె, కుళాయి, గుప్పిళ్ళ ఉప్పు, అన్నీ కక్కేశాను. ఏడ్చాను కూడా. అప్పటికి ఆమె మళ్ళీ సూదులు పెదాల మధ్య పెట్టుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

"అందరియి కొలిచిన టీచరమ్మా. బ్యాంకు మేడంది కొలిచిన. వకీలు గారి భార్యది కొలిచిన. మీది కొల్వలే." మేకుకున్న గొట్టం వైపు చూసింది. "కొలుసుడు నేర్పినోళ్ళది ఏం కొలుస్త అనుకున్న."

నేనేదో అనబోయాను.

"పోండ్రి. నాకు పనున్నది" అంది.

మిషను మూత తీసిన చప్పుడు సందులోకొచ్చాక వినపడింది. చేతుల మీది పాపం దిగిందన్నమాట, నా నెత్తి మీదికి. నేను మామూలుగా ఒక మాట పడే మనిషిని కాను. కానీ ఆ రోజు ఆమె నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఇంటికి వెళ్ళి అన్నం తినేదాన్ని. మూడు వారాలు ఆ సందు తొక్కలేదు. కూరగాయలకు కూడా చుట్టు తిరిగి నారాయణగూడ వెళ్ళాను. బ్యాంకు మేడం ఎదురైతే ఆవిడకూ జరిగిందంతా చెప్పేశాను. ఒకసారి నోరు విప్పాక దాచుకోవడానికి ఇంకేముంది?

ఆ బ్యాంకు మేడమే ఒక సాయంత్రం బస్టాపులో పట్టుకుంది. "ఏవమ్మాయ్, నిన్ను రమ్మంటోంది మీ టైలరమ్మ. చేపేదో తెచ్చిందిట."

వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. తొట్టి వైపు చూపించింది. ఎంబ్రాయిడరీ రింగులు రెండిటికి దోమతెర గుడ్డ బిగించి గూడులా కుట్టి నీళ్ళలో దించింది. ఆ గూట్లో మద్రాసు నుంచి తెప్పించిన వేలి గోరంత చేప పిల్ల. బయట మా పాత చిన్నది గూడు చుట్టూ తిరుగుతోంది. రొయ్య తింటోందట. ఒళ్ళు కూడా కాస్త చేసింది. "ఇయ్యాలటికి ఏడు దినాలు. చూసుకున్నయి, తెలుసుకున్నయి. ఇప్పుడు ఇడుస్త. మీరుండాలె" అంది.

గూడు విప్పింది. పిల్ల బయటికొచ్చింది. పాతది బాణంలా దాని మీదికి పోయింది. నేను జాలీ అందుకోబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. పిల్ల మూలకు పోయి, ఒళ్ళంతా వణికించి, పక్కకు ఒరిగింది. పాతది దాని ముందు ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి ముంత దగ్గరికి పోయింది. పిల్ల దాని వెనకే పోయింది.

"అయింది" అంది ఆమె. నా చెయ్యి అప్పుడు వదిలింది. ఇద్దరం నవ్వుతున్నాం, ఇద్దరికీ కళ్ళు తడిగానే ఉన్నాయి.

లేచి మేకుకున్న గొట్టాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "ఇగ సంది అందరియి మీరే కొలువుండ్రి. ప్రతి ఐతారం రావాలె."

"బావుందమ్మా, దొంగ చేతికి తాళాలివ్వడం!" అంది బ్యాంకు మేడం. ఆవిడ నోరు అంతే.

"నీళ్ళల్ల ఏమేం కలుపుతరో కలిపినోళ్ళకే ఎరుక మేడం" అంది ఆమె.

ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్ళేదాన్ని. గ్లాసు కడిగి, గొట్టం తుడిచి, వచ్చిన డబ్బా వచ్చినట్టు కొలిచేదాన్ని. ముందు వాసన చూసేదాన్ని, బ్లీచింగు వాసన నాకు తెలియకుండా ఎవరు తేగలరు? కళ్ళుప్పు నీళ్ళు ఊపితే అడుగు మడ్డి పైకి లేస్తుంది, అదీ పట్టేశాను. మరుసటి ఏడు వానాకాలానికి పాత చిన్నది బాగా పెద్దదైపోయి, ముంత లోపలి గోడకు నారింజ రంగు గుడ్లు పెట్టింది. దాని చిన్న మొగుడు వాటికి రెక్కతో విసురుతూ కూర్చునేవాడు. సందంతా వచ్చి చూసింది. ఆమె ఎవరికీ ఏమీ వివరించలేదు, ఆ పని నేనే చేశాను.

వానలు తగ్గుముఖం పట్టాక బాపట్ల వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరే ముందు ఆమే జాకెట్టుతో పాటు డబ్బాలు నా చేతిలో పెట్టింది. చెరో చంకన ఒకటి పెట్టుకుని నడుము దాకా దిగి ముంచాను. రైల్లో సీటు కింద పెట్టలేదు, రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కి సికింద్రాబాదులో దిగలేకపోయాను. అటునుంచి అటే ఆటోలో చిక్కడపల్లి.

ఆదివారం. దుకాణం నిండా జనం, బ్యాంకు మేడం, వకీలుగారి భార్య, ఇంకో ఇద్దరు. వాళ్ళవి ముందు కొలిచాను. అన్నీ బాగున్నాయి. నా డబ్బాలు మిగిలాయి. గొట్టం ఆమె వైపు చాచి, "నాది ఎవరు కొలవాలక్కా?" అన్నాను.

ఆమె గొట్టం అందుకోలేదు. నా వంక చూసింది.

"మీది మీరే కొలుసుకోండ్రి" అంది.

కింద కూర్చుని గ్లాసులో నీళ్ళు పోశాను. గొట్టం దించాను. అది ఊగి ఊగి నిలబడింది. తల వంచి నీటి మట్టానికి కన్ను ఆనించి చూశాను. ఎర్ర గీత వెంట్రుకవాసి మునిగింది. రెండో డబ్బా కూడా అంతే. మా బాపట్ల వైపు వానలకు కాలవలన్నీ వచ్చి సముద్రంలో కలిసిన రోజులవి, ఒడ్డు దగ్గర నీళ్ళు పలచబడతాయి. ఆ సంగతి నాకు తెలుసు, చెబితే అందరూ నమ్ముతారు. తల కొంచెం పైకెత్తి చూస్తే గీత సరిగానే ఉన్నట్టు కనపడుతుంది కూడా.

"మునిగింది" అన్నాను.

"వెంట్రుకవాసేగా, పోనిద్దూ!" అంది బ్యాంకు మేడం.

రెండు డబ్బాలూ ఎత్తుకుని బయటికి నడిచాను. బాపట్ల నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన అసలు సముద్రం నీళ్ళు. సందు మొదట్లో మురుగు మోరీ మీద రెండింటినీ బోర్లించి, చివరి చుక్క పడేదాకా పట్టుకుని నిలబడ్డాను.